ఆకలి లేని జింక

పిల్లలూ!

మీ ఇంట్లో కోళ్ళున్నాయా? పోనీ, మీ వీధిలో పావురాలకు గింజలు చల్లేవారెవరైనా ఉన్నారా? ఉంటే మీ చేత ఒక చిన్న పని చేయించాలని ఉన్నది. అదేమిటో చివర చెబుతాను. ముందు నేను చూసి వచ్చిన ఒక మంద సంగతి వినండి.

మా అమ్మాయీ అల్లుడూ అబూధాబీలో ఉంటున్నారు. చలికాలంలో నన్ను రమ్మని పట్టుబట్టి పిలిపించుకున్నారు. ఎత్తయిన మేడలు చూడటం రెండు రోజుల్లో అయిపోయింది. ముప్ఫయి ఏళ్ళకు పైగా పిల్లల మధ్య గడిపినవాణ్ణి, ఊరికే కుర్చీలో కూర్చోమంటే ఎలా? నా అవస్థ చూసి మా అల్లుడు, "మామయ్యగారూ, ఎడారిలో మాకు తెలిసినవాళ్ళ తోట ఒకటున్నది. అక్కడ జింకలను పెంచుతున్నారు. బాబును తీసుకుని వెళ్ళి రండి," అన్నాడు. బాబు అంటే మా మనవడు. వాడికి పదేళ్ళు.

జింక అన్నాను గాని, మన భాషలో ఆ మాట చాలా పెద్ద సంచి. చుక్కల దుప్పినీ జింక అంటాం, ఇర్రినీ జింక అంటాం. ఈ రెండూ ఒక తెగవి కావు. దుప్పి కొమ్ములు కొమ్మలుగా చీలి ఉంటాయి, రాలిపోయి మళ్ళీ మొలుస్తుంటాయి. ఇర్రి కొమ్ములు అలా కాదు. లోపల ఎముక, పైన మన గోరువంటి పదార్థంతో తొడుగు. ఒకసారి వచ్చినవి చచ్చేదాకా ఉంటాయి. ఇర్రి, మనుబోతు, కొండగొర్రె ఈ రెండో తెగవి. ఆవులకూ మేకలకూ ఇవి చుట్టాలన్నమాట.

మేము చూడబోయినవీ ఈ రెండో తెగవే. ఆఫ్రికాలో సహారా ఎడారి అంచున ఉండే గడ్డినేలలు వాటి పుట్టిల్లు. ఒళ్ళు తెలుపు, మెడా రొమ్మూ తుప్పు రంగు. కొమ్ములు గజం పొడవుకు మించి, వెనక్కు విల్లులా వంగి ఉంటాయి. వెనకటి తురకయోధుల వంపుకత్తిని ఇంగ్లీషులో సిమిటార్ అంటారు. ఆ కత్తిని బట్టి వీటికి సిమిటార్ ఆరిక్స్ అని పేరు వచ్చింది. మనం కత్తికొమ్ము జింక అందాం. మన ఇర్రిలో సాధారణంగా మగదానికే కొమ్ములు. కత్తికొమ్ము జింకల్లో ఆడదానికీ మగదానికీ కూడా ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉన్నది.

ఒకప్పుడు ఇవి వేలకు వేలుగా తిరిగేవి. తుపాకులూ మోటారు బళ్ళూ వచ్చాక వేటగాళ్ళు వెంటాడి చంపారు. కరువులు వచ్చాయి, యుద్ధాలు వచ్చాయి, పశువుల మందలు పెరిగి గడ్డి తరిగిపోయింది. చివరకు 2000 సంవత్సరంలో, స్వేచ్ఛగా తిరిగే కత్తికొమ్ము జింక ప్రపంచంలో ఒక్కటి కూడా లేదని ప్రకటించవలసి వచ్చింది. మిగిలినవన్నీ కంచెల లోపలివే. వాటి పిల్లలనూ పిల్లల పిల్లలనూ జాగ్రత్తగా పెంచి, 2016లో ఆఫ్రికాలోని చాద్ దేశానికి తీసుకుపోయి, వానలు పడి గడ్డి మొలిచాక అడవిలోకి వదిలారు. అవి అక్కడ బతికి పిల్లలను పెట్టాయి. 2023లో వాటిని "అడవిలో అంతరించినవి" అనే పట్టిక నుంచి తీసి, "అపాయంలో ఉన్నవి" అనే పట్టికలో చేర్చారు. రెండు మెట్లు ఎక్కాయన్నమాట. పరీక్ష తప్పినవాడు బొటాబొటీ మార్కులతో గట్టెక్కినా వాడి ఇంట్లో పండగే గదా!

సరే, తోటకు వెళ్ళాం. పెద్ద ఆవరణ, చుట్టూ ఇనుప వల కంచె. లోపల 11 జింకలు: మగది ఒకటి, ఆడవి ఏడు, ఎదిగే దూడలు మూడు. వాటిని చూసుకునే కుర్రవాడు నిజామాబాదు వైపు వాడు. నా నోట తెలుగు మాట వినగానే అతని ముఖం విప్పారింది. "నమస్తే సార్, కూసోండ్రి," అని కుర్చీ తెచ్చి వేశాడు.

ఆ వేళ గాలి చెడ్డగా వీస్తున్నది. ఇసుక కళ్ళలో పడుతున్నది. బయట వేస్తే గడ్డి ఎగిరిపోతుందని అతను లూసర్న్ గడ్డీ దాణా అంతా గోడ వారగా ఉన్న ఒకే తొట్టిలో వేశాడు. మేత ఏమీ తక్కువ లేదు. నేను లెక్కల మాస్టారుగా పని చేసినవాణ్ణి. చూపుతోనే అంచనా కట్టాను. పదకొండింటికీ తిన్నంత ఉన్నది.

మొదట మగది వచ్చి తొట్టి నడుమ నిలిచింది. మా మనవడు దానికి నవాబు అని పేరు పెట్టాడు. తరువాత ఒక ముసలి ఆడజింక నింపాదిగా వచ్చి దాని పక్కన చేరింది. అది అమ్మమ్మ. తక్కినవి అటొకటి ఇటొకటి సర్దుకున్నాయి. ఒక్కటి మాత్రం, ఒక కొమ్ము కాస్త పక్కకు వంగి ఉన్న బక్కపలచని ఆడజింక, ఇరవై బారల దూరంలో నిలబడి ఎటో చూస్తున్నది.

"దానికి ఆకలి లేనట్టున్నది. జబ్బేమో చూశావా?" అని అడిగాను.

ఆ కుర్రవాడు నవ్వాడు. "ఆకలి లేక కాదు సార్. రానిస్తలేవు. జర సేపు దాన్నే చూడుండ్రి. మా ఊళ్ల గొర్లు గూడ ఇంతే."

నేను మనవడి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఏం చేయాలో చెప్పాను. ఒక జింక తొట్టి దగ్గరకు వచ్చి, ఇంకొకటి రావడం వల్ల చోటు వదిలి పోతే, తరిమినదాని పేరు ఎడమవైపు, తొలగినదాని పేరు కుడివైపు వేసి ఒక గీత గీయాలి. అంతే. జంతువుల నడవడి పరిశీలించే శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే పని. ఈ గీతలు కూడితే, ఎవరికి ఎవరు చోటిస్తారో తెలుస్తుంది, మందలో వరస బయటపడుతుంది. ఈ విద్యకు ఆద్యుడు నార్వే దేశపు షెల్డరప్ ఎబ్బె. ఆయన మీ వయసులోనే ఇంట్లో కోళ్ళ మధ్య కూర్చుని, ఏ కోడి దేన్ని పొడుస్తున్నదో పుస్తకంలో రాసుకునేవాడు. పెద్దయ్యాక, 1922లో, దాన్ని శాస్త్రంగా ప్రచురించాడు. కోళ్ళలో ఒక "పొడుపు వరస" ఉన్నదని లోకానికి అప్పుడు తెలిసింది.

మేము ఒక గంట సేపు గీతలు గీశాం. వంకరకొమ్ము, అంటే ఆ బక్క జింక, తొట్టివైపు 17 సార్లు నడిచింది. 16 సార్లు వెనక్కు తిరిగింది. దక్కిన ఆ ఒక్కసారీ నేను నలభై లెక్కపెట్టేలోపలే మరొకటి వచ్చింది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఏమిటంటే, పోట్లాట దాదాపు లేనే లేదు. గంటలో కొమ్ముకు కొమ్ము తగిలింది రెండే సార్లు. అమ్మమ్మ ఒకసారి తల తిప్పి చూస్తుంది. నవాబు కొమ్ములను కొంచెం ఇటు వంచుతుంది. అంతే, వంకరకొమ్ము తల దించుకుని పక్కకు పోతుంది. దూరం నుంచి చూసేవారికి "పాపం, దానికి తినాలని లేదు" అనే అనిపిస్తుంది.

వరస అనేది చెడ్డదా? తొందరపడి అలా అనుకోకండి. మందలో ప్రతిదాని తల మీదా రెండు కత్తులున్నాయి. ఆడవాటికీ ఉన్నాయని చెప్పాను గదా! రోజూ మేత దగ్గర ఎవరు ముందో తేల్చుకోవడానికి కత్తులు దూస్తే వారం తిరిగేసరికి మంద ఉండదు. నువ్వు పెద్ద, నేను చిన్న అని ఒకసారి తేలిపోతే, తరువాత ఒక చూపుతో పని జరిగిపోతుంది. మంద చెదరకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పెద్దరికం మామూలుగా వయసునూ ఒంటి బలాన్నీ బట్టి వస్తుంది.

మరి చిక్కెక్కడున్నది? చెబుతాను. అరేబియా ఎడారిలో ఈ కత్తికొమ్ము జింకకు దాయాది ఒకటున్నది. ఒళ్ళంతా తెలుపు, కొమ్ములు బల్లెంలా తిన్నగా ఉంటాయి. దాని కథా ఇటువంటిదే. అంతరించిపోతున్నదని 1962లో కొన్నిటిని పట్టి, మరికొన్ని చోట్ల నుంచి ఇంకొన్ని సేకరించి, అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలలో 9 జింకలతో ఒక మందను నిలబెట్టారు. 1972లో ఎడారిలో మిగిలిన చివరి మంద కూడా వేటకు బలి అయింది. 1982లో ఒమన్ దేశంలో 10 జింకలను తిరిగి ఎడారిలోకి వదిలారు. అలా వదిలే ముందు వాటిని విశాలమైన ఆవరణలో కలిపి ఉంచి, అవి తమలో తాము వరస కుదుర్చుకుని ఒక మందగా కట్టుబడే దాకా ఆగారు. వరస కుదరని గుంపును వదిలితే ఎటు ఒకటి అటు పోతుందని భయం.

ఆ ఎడారిలో వాటి వెంట తిరిగి చూసినవాళ్ళకు ఒక విచిత్రం కనిపించింది. వేసవి ఎండలో అక్కడ నీడంటే ఎక్కడో ఒక చెట్టు. దాని కింద ఆ జింకలు రోజుకు ఎనిమిది గంటల సేపు కలిసి గడిపేవి. పెద్దదీ చిన్నదీ ఒకే నీడలో! తోపులాట బహు తక్కువ. బయట ఎడారిలో గడ్డి కూడా ఇక్కడ ఒక దుబ్బు, అక్కడ ఒక దుబ్బు. ఈ దుబ్బు నాది అని ఒకటి కాపలా కాసిందనుకోండి, తక్కినవి మరో దుబ్బుకు పోతాయి. కాపలా కాసినందుకు లాభమేమీ లేదు.

కంచెలో పెట్టి, మేతంతా ఒక తొట్టిలో పోసింది మనిషి. ఒక తొట్టి అయితే కాపలా కాయడం సుళువు. పైగా కంచె లోపల ఓడినది పారిపోవడానికి దారి లేదు. మూలకు చిక్కితే పొట్టలో పొడుపు తప్పదు. గడ్డి కంటె దాణా దగ్గర తగాదా ఎక్కువ. కారణం మీకే తెలుసు: అన్నం దగ్గర కంటె జంతికల డబ్బా దగ్గర మీరు ఎక్కువ పోట్లాడుకోరూ? దాణాకు కాపలా కాసి అతిగా మెక్కిన జింకకూ సుఖం లేదు. నెమరువేసే జంతువు పొట్టలో దాణా ఒక్కసారిగా ఎక్కువైతే పులిసి ఆమ్లం పుడుతుంది. కడుపు ఉబ్బుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు. వరసలో అడుగున ఉన్న ఆడజింక చిక్కిపోతే చూలు నిలవదు. నిలిచినా దూడకు పాలు చాలవు. ప్రపంచంలో వేలకు వేలున్న జంతువైతే ఒకటి పోయినా మంద మిగులుతుంది. కొద్ది జంతువుల సంతానంగా మిగిలిన జాతిలో ప్రతి దూడా లెక్కే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

2003 జనవరిలో మన ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్నం వండి పెట్టే భోజనం మొదలైంది. అప్పుడు నేనొక పల్లెటూరి బడికి పెద్దపంతులును. వసారాలో ఒక గంగాళం నిండా అన్నం, పక్కన సాంబారు గిన్నె. గంట కొట్టగానే పిల్లలు పళ్ళాలతో పరుగెత్తేవారు. అన్నం చాలక పోవడం అనేది మా బడిలో లేదు. రోజూ హాజరు చూసి, బియ్యం కొలిచి, పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. అందరూ తిన్నట్టే సంతకం పెట్టేవాణ్ణి.

మూడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. భోజనం వేళ చింతచెట్టు మొదట్లో కూర్చునేది. "తినవేమ్మా?" అంటే, "ఆకలి లేదు సార్," అనేది. ఒకసారి కాదు, చాలాసార్లు అడిగాను. అదే జవాబు. ఆ పిల్ల ప్రగతిపత్రంలో నా చేత్తో నేనే, "మందకొడి. తిండి ధ్యాస లేదు," అని రాశాను. ఇంట్లో సరిగా పెట్టడం లేదేమోనని వాళ్ళమ్మను పిలిచి నాలుగు మాటలు కూడా అన్నాను. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయింది.

వంటచేసే సుబ్బమ్మ మాత్రం ఒకనాడు, "అయ్యగారూ, పిల్లల్ని బంతిలో కూచోబెట్టి, నేనే వడ్డించుకుంటా వస్తానండీ. చిన్న పిల్లలు గంగాళం దాకా రాలేకపోతున్నారు," అన్నది. గంట వేళకు తెమలదని నేనే వద్దన్నాను. గుడ్డు పెట్టే రోజున ఐదో తరగతి మగపిల్లలు గంగాళం చుట్టూ కోటగోడలా నిలబడేవారని నాకు తెలియదా? తెలుసు. వాళ్ళు ఎవరినీ కొట్టడం లేదు గదా అనుకున్నాను. ఒక చూపు చాలునని అప్పుడు నాకు తెలియదు.

ఏడాది తిరిగాక బంతి భోజనాలు పెట్టించాను. ఒక అధికారి వచ్చి చెబితే పెట్టించాను గాని, నా అంతట నాకు తోచి కాదు. అప్పటికి ఆ అమ్మాయి మా బడిలో లేదు. తల్లిదండ్రులు పనికోసం వలస పోతూ పిల్లను వెంట తీసుకుపోయారు. మళ్ళీ ఆ కుటుంబం ఊరికి రాలేదు.

"ఆకలి లేక కాదు సార్, రానిస్తలేవు" అని ఆ కుర్రవాడు అన్నప్పుడు నేను కొంత సేపు మాట్లాడలేకపోయాను. మనవడు, "తాతయ్యా, కళ్ళలో ఇసుక పడిందా?" అన్నాడు. అవునన్నాను.

మరునాడు గాలి తగ్గింది. మేము మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆ కుర్రవాడు మేతను 14 కుప్పలుగా వేశాడు. జింకలు 11, కుప్పలు 14. "మూడెందుకు ఎక్కువ?" అని అడిగాడు మా మనవడు.

"తరిమితే పోనీకి ఒక జాగ ఉండాలె గద, చిన్నా!" అన్నాడతను.

కుప్పకూ కుప్పకూ నడుమ చాలినంత ఎడం ఉంచాడు. ఒక్కటి కూడా మూలలో వేయలేదు. కొన్నిటి మధ్య ఈతాకు దడి నిలబెట్టాడు, ఇవతల తినేది అవతలిదానికి కనిపించకుండా. దూడల కోసం ఒక మూల అడ్డంగా ఇనుప కడ్డీ కట్టి ఉన్నది. దాని కింద నుంచి దూడలు మాత్రం దూరగలవు. లోపల వాటి దాణా వేరు. పెద్ద జింకలు బయట నిలబడి గుటకలు మింగవలసిందే! ఇదంతా ఎవరు నేర్పారని అడిగితే, కొంత ఇక్కడి పశువైద్యుడు చెప్పాడనీ, కొంత వాళ్ళ తాత గొర్లమంద దగ్గర చూసిందనీ అన్నాడు.

నవాబు మొదటి కుప్ప దగ్గర తినసాగింది. పక్క కుప్ప మీద మరొకటి చేరగానే దాన్ని తరిమింది. ఆ తరువాతి కుప్పనుంచి ఇంకోదాన్ని తరిమింది. తిరిగి తన కుప్పకు వచ్చేసరికి అక్కడ అమ్మమ్మ తింటున్నది! అలా నాలుగైదు మార్లు తిరిగి, కాపలా కాస్తే కడుపు నిండదని తెలుసుకున్నదో ఏమో, ఒక చోట నిలబడి తినడం మొదలుపెట్టింది. మందలో వరస ఏమీ మారలేదు. నవాబు నవాబే, అమ్మమ్మ అమ్మమ్మే. వంకరకొమ్మును ఆ గంటలో 5 సార్లు తరిమాయి. కాని తరిమిన ప్రతిసారీ అది నాలుగడుగులు వేసి ఇంకో కుప్పలో మూతి పెట్టింది. రెండు రోజుల లెక్క శాస్త్రం అనిపించుకోదు. శాస్త్రజ్ఞులు నెలల తరబడి గీతలు గీస్తారు. అయినా ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే మా మనవడికి ఎవరూ పాఠం చెప్పనవసరం లేకపోయింది.

ఇప్పుడు మీ పని. ఒక నాడు మీ కోళ్ళకు గాని, పావురాలకు గాని, ఒక గుప్పెడు గింజలు ఒకే చోట కుప్పగా పోయండి. ఒక పక్షిని గుర్తుపెట్టుకోండి, అన్నిటికంటె వెనక నిలబడినదాన్ని. పది నిమిషాల్లో దాన్ని ఎన్నిసార్లు తరిమాయో గీతలు గీయండి. మరునాడు అదే వేళకు, అదే గుప్పెడు గింజలు, వాకిలంతా చల్లి మళ్ళీ గీయండి. గింజలు పెంచకూడదు సుమా! పెంచితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పలేరు. ఇంట్లో చెల్లెలుంటే ఒకరు చూడండి, ఒకరు రాయండి. మీకు వచ్చిన లెక్కలు పత్రికకు రాసి పంపితే నేను తప్పక చదువుతాను.

మూడోనాడు మేము సెలవు తీసుకోవడానికి వెళ్ళాం. మేత అప్పుడే వేశాడు. వంకరకొమ్ము చివరి కుప్ప దగ్గర, దడి చాటున, తల ఎత్తకుండా తింటున్నది. ఇంతలో ఒక ఎదిగిన దూడ, ఇనుప కడ్డీ కింద ఇక దూరలేనిది కాబోలు, మెల్లగా వచ్చి ఆ కుప్పలోనే మూతి పెట్టబోయింది. వంకరకొమ్ము తల తిప్పి, ఆ వంగిన కొమ్మును కొంచెం ఇటు వంచింది. దూడ తల దించుకుని పక్క కుప్పకు పోయింది.

"తాతయ్యా! ఇది కూడానా!" అంటూ మా మనవడు పుస్తకం తెరిచి, మొదటిసారిగా వంకరకొమ్ము పేరు ఎడమవైపు రాసి, ఒక గీత గీశాడు.